ఉన్న ఊరికే ఒక్కరోజు చుట్టంగా

ప్రశ్న: మేం ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. 1991 నుంచి 2004 దాకా తిరుపతి బైరాగిపట్టెడలో బాడుగింట్లో ఉన్నాం. నాన్న తపాలా శాఖలో పనిచేశారు, నేను మహిళా యూనివర్సిటీలో చదివాను. ఆ తర్వాత నాలుగైదుసార్లు తిరుపతి వెళ్ళినా అంతా కొండకే. రైలు దిగడం, బస్సెక్కడం, మళ్ళీ రైలు. పోయినేడు ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు రెండు గంటలు దొరికితే ఆటోలో మా వీధి కోసం తిరిగాను. దొరకలేదు. నాన్నకిప్పుడు 76 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ‘ఆ ఇల్లూ, నా స్నేహితుణ్ణీ ఒక్కసారి చూపించు’ అంటున్నారు. పదకొండేళ్ళ మా అబ్బాయికి చంద్రగిరి కోట చూడాలని ఉంది. నాకేమో యూనివర్సిటీ, గోవిందరాజస్వామి గుడి, కపిలతీర్థం, తిరుచానూరు చూడాలనుంది. జనవరిలో ఒక్కరోజే వీలవుతుంది. పొద్దున ఆరుకు దిగి, సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో తిరుగు రైలెక్కాలి. అందులోనే కొండకూ వెళ్ళి రావచ్చా? తిరుపతి దాకా పోయి కొండెక్కకపోతే తప్పేమోనని మనసు పీకుతోంది. – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు కొండ సంగతి తేల్చుకుందాం. మీ రోజంతా దానిమీదే ఆధారపడి ఉంది. ఈసారికి కొండ వద్దు.

లెక్క వేసి చూడండి. మీ చేతిలో ఉన్నది పన్నెండున్నర గంటలు. స్నానాలు, టిఫిన్లకు గంటన్నర, సాయంత్రం రైలుకు ముందుగా చేరడానికి ఒక గంట తీసేస్తే పది గంటలు మిగులుతుంది. కొండకు బస్సులో పోను సుమారు గంట, రాను గంట, అలిపిరిలో దిగి సామాన్లు తనిఖీ చేయించుకునే సమయం అదనం. 300 రూపాయల దర్శనం టికెట్టు చేతిలో ఉన్నా వరుసలో గంటలు పడుతుంది. పైగా ఆ టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు, చూస్తుండగానే అయిపోతాయి. అవి లేకపోతే ఊళ్ళోని దేవస్థానం వసతి గృహాలైన విష్ణునివాసంలోనో శ్రీనివాసంలోనో, లేదా అలిపిరి భూదేవి కాంప్లెక్సులోనో సర్వదర్శనం టోకెను తీసుకోవాలి. ఆ టోకెను మీద ఏ వేళ పడుతుందో మీ ఇష్టం కాదు, రాత్రికి పడినా పడొచ్చు. టోకెను కూడా లేకుండా వెళ్తే రద్దీ రోజుల్లో 12 గంటలు, 20 గంటలు ఆగడం మామూలే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయనతో ఇది సాగదు. సాగినా రోజు మళ్ళీ రైలు, బస్సు, రైలుగానే ముగుస్తుంది, బైరాగిపట్టెడ ఈసారి కూడా మిగిలిపోతుంది.

ఊళ్ళో ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా టోకెన్లిస్తారని మీరు విని ఉంటారు. నెలలో మొదటి మంగళవారం దర్శనానికి తిరుపతి, తిరుమల, చంద్రగిరి, రేణిగుంట వాసులకు ఇచ్చే టోకెన్లవి. దానికి ఆధార్ మీద చిరునామా అక్కడిదై ఉండాలి. పదమూడేళ్ళు ఉన్నామని చెప్పినా హైదరాబాద్ ఆధార్‌కు ఇవ్వరు.

తప్పేమో అన్నారు కదా. తిరుపతి వాళ్ళు రోజూ కొండెక్కరు. పొద్దున మిద్దెమీద నిలబడి కొండకేసి ఒక దండం పెట్టుకుని పనుల్లో పడతారు. మీ వీధిలోనూ అంతే జరిగి ఉంటుంది, గుర్తు చేసుకోండి. సాయంత్రం అలిపిరి పాదాలమండపం దాకా మిమ్మల్ని తీసుకెళ్తాం. అక్కడ స్వామి పాదుకలు తలమీద పెట్టుకుని ప్రదక్షిణం చేసే ఆచారం ఉంది. మీ నాన్నగారు ఆ ప్రదక్షిణం చేస్తే చాలు, కొండకు మొక్కు చెల్లించినట్టే అనుకోవచ్చు. ఆ పైన దర్శనానికంటూ వేరే ప్రయాణం, ముందే టికెట్లు తీసుకుని, కనీసం రెండు రోజులు పెట్టుకోండి.

ఇక ఏ రోజు వెళ్ళాలన్నది. శుక్రవారం వద్దు. చంద్రగిరి రాజమహల్ మ్యూజియానికి ఆరోజు సెలవు, తిరుచానూరులో అమ్మవారికి ఆరోజే రద్దీ ఎక్కువ. శని, ఆదివారాల్లో యాత్రికులతో ఊరు నిండిపోతుంది, ఆటోలకు రేటు పెరుగుతుంది, ఆదివారం యూనివర్సిటీ మూసి ఉంటుంది. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి చూసుకోండి. సంక్రాంతి వారం అసలే వద్దు. రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి, మీరు వెతుక్కుంటూ వెళ్ళిన ఇంటివాళ్ళు పండక్కి వాళ్ళ పల్లెకు పోయి తలుపుకు తాళం వేసి ఉండే అవకాశం ఎక్కువ. వైకుంఠ ఏకాదశి ఒక్కో ఏడు డిసెంబర్‌లో, ఒక్కో ఏడు జనవరిలో వస్తుంది. వైకుంఠ ద్వార దర్శనాలుండే ఆ పది రోజులూ ఊళ్ళోకి రావద్దు. 2025 జనవరి 8 రాత్రి ఆ దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయింది మీ బైరాగిపట్టెడలోనే. రథసప్తమి ఎప్పుడో కూడా పంచాంగంలో చూసుకోండి. ఇవన్నీ పోగా మీకు జనవరి మూడో వారం చివర, నాలుగో వారం మిగులుతాయి. అందులో 26న ఆఫీసులకు సెలవు.

రైలు దిగాక క్లోక్‌రూమ్‌లో సామాను పెట్టి, వెయిటింగ్ హాల్లో ముఖం కడుక్కుని బయల్దేరడం కుర్రవాళ్ళకు సరిపోతుంది. మీతో 76 ఏళ్ళ మనిషి ఉన్నారు కాబట్టి స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక గది తీసుకోండి. స్నానానికి, మందులకు, మధ్యాహ్నం నడుం వాల్చడానికి, సామాను పెట్టుకోవడానికి అన్నిటికీ అదే. గది మాట్లాడేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: చెక్‌ఔట్ 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12 గంటలకా? తిరుపతిలో రెండు రకాలూ ఉన్నాయి. 12 గంటల లెక్కయితే పొద్దున ఆరుకు దిగిన మీరు మధ్యాహ్నానికే ఖాళీ చేయాలి, లేదంటే రెండో రోజు బాడుగ కట్టాలి. 24 గంటల లెక్కయితే సాయంత్రం దాకా గది మీదే. ముందు స్టేషన్‌లోని విశ్రాంతి గదులు కూడా చూడండి. ఐఆర్‌సీటీసీలో మీ టికెట్టు పీఎన్‌ఆర్ నంబరుతో 12 గంటలకు తీసుకోవచ్చు. గదేదీ దొరక్క క్లోక్‌రూమే దిక్కయితే ప్రతి బ్యాగుకీ తాళం ఉండాలి. తాళం లేని సంచి తీసుకోరు. ప్రయాణం టికెట్టు చూపించాలి. సాయంత్రం హైదరాబాద్ బళ్ళ వేళకు అక్కడ వరుస పెరుగుతుంది, గంట ముందే వెళ్ళి తీసుకోండి.

పోయినేడు మీ వీధి మీకు ఎందుకు దొరకలేదో చెబుతాం. తిరుపతిలో పెరిగినవాళ్ళకు దిక్కులు నేర్పింది కొండే. ఊరికి ఉత్తరాన గోడలా ఉండేది. ఎక్కడ నిలబడినా తలెత్తి చూస్తే ఎటు పోవాలో తెలిసేది. ఇప్పుడు ఆ చూపుకు రెండు అడ్డాలొచ్చాయి. ఒకటి అపార్టుమెంట్లు. రెండోది శ్రీనివాస సేతు. తిరుచానూరు వైపు నుంచి బస్టాండు, లీలామహల్ మీదుగా కపిలతీర్థం వైపు దాకా దాదాపు 7 కిలోమీటర్ల పైవంతెన అది, 2023 సెప్టెంబర్‌లో పూర్తిగా తెరిచారు. దానికింద పోతుంటే కొండ కనబడదు, స్తంభాలే కనబడతాయి. ప్రతి సర్కిలూ ఇంకో సర్కిల్‌లాగే ఉంటుంది. దానిమీద పోతే కొండ బ్రహ్మాండంగా కనబడుతుంది కానీ దిగే చోట్లు కొన్నే ఉండటంతో మీకు కావలసిన వీధి కింద వెనక్కి వెళ్ళిపోతుంది. దీనికితోడు మాస్టర్‌ప్లాన్ రోడ్లని కొత్తగా కొన్ని వేశారు. వాటివల్ల పాత అడ్డదారులు కొన్ని కలిసిపోయాయి, కొన్ని తెగిపోయాయి. స్టేషన్ వెనక గోవిందరాజస్వామి సత్రాల్ని కూడా పడగొట్టారు కాబట్టి అటువైపు దిగినా పాత గుర్తు దొరకదు.

అందుకని ఆటో అతనికి చిరునామా చెప్పకండి, పాత పేర్లు చెప్పండి. లీలామహల్, నాలుగుకాళ్ళ మండపం, కృష్ణాపురం ఠాణా, బాలాజీ కాలనీ, టౌన్‌క్లబ్. పక్కనున్న కట్టడాలు మారినా ఈ పేర్లు నోళ్ళలో బతికే ఉన్నాయి. ‘వంతెన కిందినుంచే పోనీ’ అని ముందే చెప్పండి. వాన కురుస్తుంటే రైల్వే అండర్‌బ్రిడ్జిల దారి వద్దనండి, వెస్ట్ చర్చి దగ్గరిది నీళ్ళతో నిండిపోతుంది.

పొద్దున మొదటి గంట గోవిందరాజస్వామి గుడికి ఇవ్వండి. స్టేషన్ నుంచి నడకే. మీ నాన్నగారికి కష్టమైతే ఆటో గోపురం దగ్గరి దాకా పోతుంది. జనవరిలో ఆరున్నర దాటితే కానీ తెల్లారదు, ఆ వేళకు వీధి ఖాళీగా ఉంటుంది. ఆ ఏడంతస్తుల గోపురాన్ని తీరిగ్గా తలెత్తి చూడటానికి అదొక్కటే సమయం. తొమ్మిది దాటితే జనం, బళ్ళు, పూలబుట్టలు. బూట్లు గదిలోనే వదిలి, తాళ్ళు కట్టే పనిలేని హవాయి చెప్పులేసుకోండి. రోజంతా నాలుగుచోట్ల విప్పి తొడగాలి, పెద్దాయన ప్రతిసారీ వంగాల్సిన పని ఉండకూడదు. మీ అబ్బాయికి చెప్పడానికొక ముక్క: 1130లో రామానుజులవారు ఇక్కడ గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి చుట్టూ వీధులు వేయించడంతో మొదలైంది ఈ ఊరు. ఆ ఏడు ఫిబ్రవరి 24వ తేదీని 2022 నుంచి తిరుపతి పుట్టినరోజుగా జరుపుతున్నారు. గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లో ఒక్క ప్రదక్షిణం నడవండి. పైవంతెన ఈ వీధుల మీదికి రాలేదు, మీ కాళ్ళకు దారి గుర్తొచ్చే మొదటిచోటు ఇదే అవుతుంది.

టిఫిన్ ఇక్కడే గాంధీరోడ్డు, తిలక్‌రోడ్డు చుట్టుపక్కల కానివ్వండి. పొంగలి, వడ వేడిగా దొరికేది ఎనిమిదిన్నర లోపే.

ఇప్పుడు ఇల్లు. ఈ ప్రయాణానికి ఇదే ప్రాణం, దీనికి హైదరాబాద్‌లోనే వారం ముందు పని మొదలుపెట్టాలి.

పాత కాగితాలు తీయండి. రేషన్‌కార్డు, గ్యాస్ బుక్కు, ఓటరు కార్డు, ఉత్తరాల కవర్లు, మీ మార్కుల జాబితాతో వచ్చిన పోస్టు కవరు, ఏదో ఒకదానిమీద మున్సిపల్ డోరు నంబరు ఉంటుంది. మీ నాన్నగారు తపాలా శాఖ మనిషి, ఆ నంబరు ఆయనకు నోటికే వచ్చి ఉండొచ్చు. కాగితం మీద చిత్తూరు జిల్లా అని ఉంటుంది, 2022 ఏప్రిల్ 4 నుంచి అది తిరుపతి జిల్లా. నంబరు దొరికాక కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరవండి. అందులో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చూసే వీలుంది. మీరు వదిలేసిన కాలానికి దగ్గరి చిత్రం పెట్టి, మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టి, ఇంటి నుంచి మొదలుపెట్టి, చోటు మారని గుర్తుల్ని ఒక్కొక్కటిగా గుర్తించండి: గుడి, మసీదు, చర్చి, స్కూలు, నీళ్ళ ట్యాంకు, పార్కు, పెద్ద చెట్టు. అంగళ్ళు, బోర్డులు, సినిమాహాళ్ళు గుర్తులుగా పెట్టుకోకండి, ఊరు మారినప్పుడు ముందు పోయేవి అవే. స్కూలు మూల నుంచి ఎన్నో సందు, ఏ చేతివైపు, ఎన్నో ఇల్లు అని ఒక చీటీ రాసుకోండి. ఆ చీటీ పట్టుకుని నడవండి, ఆటోలో కూర్చుని వెతకకండి. ఆటో వేగంలో ఎవరికీ సందు గుర్తురాదు. స్కూలు దగ్గర దిగిపోయి, మీ నాన్నగారి చెయ్యి పట్టుకుని నడిస్తే ఆయనే మిమ్మల్ని తీసుకెళ్తారు.

ఆగిపోతే అడగాల్సింది అపార్టుమెంటు కాపలావాళ్ళను కాదు, వాళ్ళలో చాలామంది ఈమధ్య వచ్చినవాళ్ళే. ఇస్త్రీ బండి మనిషిని, పాత టైలర్‌ను, పాలు పోసేవాళ్ళను, చిల్లర అంగడి పెద్దామెను అడగండి. పేరు చెప్పి అడిగే కంటే ‘పోస్టాఫీసు సారువాళ్ళు బాడుగకుండిన ఇల్లు’ అని అడిగితే త్వరగా తగులుతుంది. మనవైపు ఇళ్ళకు పేరు పెట్టేది ఉద్యోగంతోనే.

చూడగానే ‘ఇంత చిన్నదా’ అనిపిస్తుంది. దానికి కారణాలున్నాయి, ముందే తెలిస్తే మనసు చివుక్కుమనదు. ఇరవై ఏళ్ళలో తారు మీద తారు, దానిమీద సిమెంటు పోసి రోడ్డు మట్టం పెంచారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వాకిట్లోకి వెళ్ళిన ఇంటికి ఇప్పుడు ఒకటే మెట్టు ఉంటుంది, కొన్నిళ్ళకు కిందికే దిగాలి. రెండు పక్కలా నాలుగంతస్తులు లేస్తే నడుమ పాత మిద్దె గుంతలో పడినట్టుంటుంది. పైగా మీరు ఆ గోడను తొలిసారి చూసింది చిన్నపిల్లగా. ఇంటి ముందు ఫోటో తీసుకుంటే అది మరీ చిన్నగా, దూరంగా వస్తుంది. ఫోన్ కెమెరా అద్దం పాత రీలు కెమెరాల కంటే వెడల్పుగా చూస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. పాత ఫోటోతో పోల్చుకోవాలంటే జూమ్ 1.3, 1.5 మధ్య పెట్టి, పాత ఫోటో తీసినచోటే నిలబడండి.

తలుపు కొట్టడానికి తొమ్మిది నుంచి పదిన్నర మధ్య మంచి వేళ. పిల్లలు స్కూళ్ళకు పోయి ఉంటారు, వంట పని ఇంకా మొదలై ఉండదు. గేటు బయటే నిలబడి, ఫోన్ జేబులో పెట్టుకుని మాట్లాడండి. ఇది ముఖ్యం. తిరుపతిలో స్థలాల ధరలు విపరీతంగా పెరిగాయి. తెలియనివాళ్ళు ముగ్గురు వచ్చి ఇంటిని ఫోటోలు తీస్తుంటే ఇంటివాళ్ళకు మొదట తట్టేది ఆస్తి తగాదానే. తలుపు తీసినవాళ్ళకు మొదటి మాటలోనే తేటగా చెప్పండి: ‘అమ్మా, 91 నుంచి 2004 దాకా ఈ ఇంట్లో బాడుగకుండినాము. మా నాయన ఒకసారి చూసుకుంటానన్నాడు. లోపలికి రాకపోయినా పరవాలేదు.’ ఆ చివరి మాట అన్నారంటే చాలా ఇళ్ళలో లోపలికి పిలుస్తారు. అప్పటి మీ కుటుంబం ఫోటో, వెనక ఇల్లు కనబడేది, ప్రింటు తీయించి చేత్తో పట్టుకెళ్ళండి. ఫోన్ తెర మీద చూపించిన దానికంటే చేతికిచ్చిన కాగితం మీద నమ్మకం ఎక్కువ. అది వాళ్ళకే ఇచ్చి రండి. హైదరాబాద్ నుంచి ఒక బిస్కెట్ డబ్బా, దారిలో రెండు మూరల పూలు, పళ్ళు చాలు. పది నిమిషాల్లో లేవండి. వాళ్ళే కూర్చోమంటే అప్పుడు కాఫీకి ఆగండి. లోపల ఫోటో తీసుకోవాలంటే అడిగి, వాళ్ళ దేవుడి గది, పడకగది రాకుండా తీసుకోండి.

ఇల్లు పడగొట్టేసి ఉండొచ్చు. అది పెద్దాయనకు వీధి చివర తెలియకూడదు. ముందురోజే ఎవరైనా తెలిసినవాళ్ళ చేత ఒక చూపు చూయించి, లేదని తెలిస్తే హైదరాబాద్‌లోనే చెప్పి తీసుకురండి. అప్పుడు ఆయన చూసుకునేది వీధిని, చెట్టును, ఎదురింటిని. ఆ వీధిలో మీ కాలపు ఇల్లు ఒక్కటి నిలిచి ఉన్నా ఆయన ఆగేది అక్కడే.

స్నేహితుడి సంగతి. నాన్నగారి పాత డైరీలో ఉన్న ఆరంకెల ఫోన్ నంబరుకు ముందు తర్వాతి కాలంలో 2 చేరింది. 0877 కోడ్, ఆపైన 2, ఆపైన పాత ఆరంకెలు కొట్టి చూడండి. చాలామంది ఆ ఫోన్లు తిరిగి ఇచ్చేశారు, మోగితే అదృష్టమే. మోగకపోతే తపాలా శాఖ పెన్షనర్లను అడిగించడమే దగ్గరి దారి. ఏడాదికొకసారి జీవన్ ప్రమాణ పత్రం పనిమీద వాళ్ళంతా ఒకరికొకరు తగులుతూనే ఉంటారు. చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరచాలని మాత్రం అనుకోకండి. డెబ్బై దాటినవాళ్ళ ఇంటికి వెళ్ళబోయే ముందు వాళ్ళ ఆరోగ్యం ఎలా ఉందో, మాట ఎలా ఉందో తెలుసుకుని వెళ్ళాలి. ఏదైనా జరగరానిది జరిగి ఉంటే అది ఫోన్‌లోనే తెలియాలి, గుమ్మంలో కాదు.

ఆయన దొరికితే మీ రోజు సగం సులువవుతుంది. పదకొండుకు నాన్నగారిని స్నేహితుడి ఇంట్లో దించి, మధ్యాహ్నం మూడున్నర దాకా అక్కడే వదిలేయండి. ఇద్దరు ముసలివాళ్ళకు మాట్లాడుకోవడానికి నాలుగు గంటలు ఎక్కువ కాదు. మోకాళ్ళకు విశ్రాంతి, మందులు మాత్రం వేళకు పడేలా చీటీ రాసి ఇంటివాళ్ళ చేతికివ్వండి. ఆయన దొరక్కపోతే గదిలో పడుకోబెట్టి మీరు కదలండి.

ఆ నాలుగు గంటల్లో మీకూ, మీ అబ్బాయికీ యూనివర్సిటీ, చంద్రగిరి రెండూ పడతాయి, రెండూ పడమటి వైపే కాబట్టి. తిరుచానూరు ఊరికి ఇంకో చివర, ఆగ్నేయాన 5 కిలోమీటర్లు. దాన్ని ఇందులో ఇరికించవద్దు. అమ్మవారిని చూడకుండా రాలేననిపిస్తే చంద్రగిరి వదులుకుని వెళ్ళండి, కానీ అది మీ అబ్బాయితో ముందే మాట్లాడి నిర్ణయించుకోండి. కోట చూపిస్తామని తీసుకొచ్చి చూపించకపోతే వాడికి తిరుపతి అంటే అదే గుర్తుండిపోతుంది.

పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో మొదలైంది. అది ఆడపిల్లల ప్రాంగణం కాబట్టి గేటు దగ్గర అడ్డగిస్తారు, దాన్ని తప్పుగా తీసుకోకండి. ఆధార్, మీ డిగ్రీ కాగితం నకలు చూపించి పూర్వ విద్యార్థినని చెప్పండి. మీ విభాగానికి ముందురోజు ఫోన్ చేసి ఉంటే ఇంకా సులువు. హాస్టల్ లోపలికి మాత్రం అనుమతి ఆశించకండి. అరగంట చాలు. ఒక ఉపయోగమైన పని: తీసుకోవలసిన సర్టిఫికెట్లేవైనా మిగిలి ఉంటే అదే పూట పరీక్షల విభాగంలో అడిగి రండి, దానికోసం మళ్ళీ రావాల్సిన పని తప్పుతుంది. 1954లో మొదలైన వెంకటేశ్వర విశ్వవిద్యాలయం కూడా దారిలోదే, ఆటోలోంచి చూసుకుంటూ పోవచ్చు.

చంద్రగిరి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. పల్లెవెలుగు బస్సులు తరచుగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం ఉన్నా దానికి ఇక్కడి చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి, మీరు టికెట్టు తీసుకోవాల్సిందే. కోట బస్సు దిగినచోటి నుంచి ఇంకా లోపలికి ఉంటుంది, అందుకని మీకు బస్సు కంటే ఆటో మేలు. పోను, రాను, అక్కడ గంటన్నర ఆగడం కలిపి ఒకటే మాటగా మాట్లాడుకోండి. ‘వెయిటింగ్ వేరే’ అన్న మాట తర్వాత రాకుండా ఎక్కకముందే తేల్చుకోండి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు పురావస్తు శాఖ టికెట్టు ఉండదు. మూడంతస్తుల రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, ఎక్కడా కొయ్య వాడలేదు. మీ అబ్బాయిని మొదటి అంతస్తులో పైకప్పు కింద నిలబెట్టి, దూలం లేకుండా ఇది ఎలా నిలిచిందో కనుక్కోమనండి. కమానుల్ని వాడే వెతికి పట్టుకుంటాడు. విగ్రహాలున్న గదులు చల్లగా ఉంటాయి, మధ్యాహ్నం వేళకు అదే మంచిది. వెనక కొండమీది దుర్గం ఎక్కాలని వాడు పట్టుబట్టొచ్చు, ఈ రోజు అందుకు సమయం లేదు.

భోజనం తిరిగొచ్చాకే. రాగిసంగటి పెట్టే చోటు చూసుకుని, అబ్బాయికి చిన్నముద్దతో మొదలుపెట్టండి. సంగటి నమలకుండా పులుసులో అద్ది మింగాలని ముందే చెప్పండి, అలవాటు లేని పిల్లలు నమిలి వద్దనేస్తారు.

నాలుగుకల్లా నాన్నగారిని ఎక్కించుకుని కపిలతీర్థం చేరండి. జలపాతం నిండుగా దూకేది ఈశాన్య రుతుపవనాల వేళ, నవంబర్, డిసెంబర్ నెలల్లో. జనవరి చివరికి సన్నబడి తెల్లటి దారంలా ఉంటుంది, కొన్నేళ్ళు అదీ ఉండదు. మీ జ్ఞాపకంలో ఉన్నది కార్తీకమాసపు జలపాతమైతే ఇది వెలవెలబోతుంది, అబ్బాయికి దాన్నిగురించి పెద్దగా చెప్పి తీసుకెళ్ళకండి. కోనేటి మెట్లు తడిగా, పాచిగా ఉంటాయి. పెద్దాయనను మెట్లు దింపకుండా మండపంలో కూర్చోబెడితే ఎదురుగా కొండ రాయి, నీళ్ళు రెండూ కనబడతాయి.

అక్కణ్ణుంచి అలిపిరి దగ్గరే. పాదాలమండపం గుడిలో ప్రదక్షిణం అయ్యాక నడకదారి మొదటి మెట్టు దాకా వెళ్ళండి. మొత్తం 3550 మెట్లు. మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి ఎక్కేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మీరూ పెట్టి రండి.

ఐదుంబావుకు అక్కణ్ణుంచి కదలాలి. అలిపిరి నుంచి స్టేషన్ నాలుగైదు కిలోమీటర్లే అయినా, అది కొండ దిగే బళ్ళూ ఆఫీసులు వదిలే వేళా కలిసే సమయం, అరగంట పట్టినా పట్టొచ్చు. టికెట్టు మీద తిరుపతి అనే ఉందా, రేణిగుంట అని ఉందా అన్నది పొద్దునే ఒకసారి చూసుకోండి. రేణిగుంటైతే ఇంకో పది కిలోమీటర్లు, ఐదుంబావు సరిపోదు, నాలుగున్నరకే బయల్దేరాలి. స్టేషన్‌లో పనులు జరుగుతుంటే ఏ వైపు నుంచి లోపలికి పంపుతారో పొద్దున దిగినప్పుడే గమనించి పెట్టుకోండి. నాన్నగారికి చక్రాల కుర్చీ కావాలంటే కూడా పొద్దునే స్టేషన్ మేనేజర్ ఆఫీసులో మీ రైలు పేరు, బోగీ నంబరు చెప్పి ఉంచండి. సాయంత్రం అప్పటికప్పుడు అడిగితే దొరక్కపోవచ్చు, వంతెన మెట్లు ఆయన ఎక్కలేరు.